మీసాల సీసా

నా పేరు ఆగయ్య. ఉద్యోగం ఆర్టీసీలో కండక్టరు. ఈ రెండూ ఒకచోట కలవకూడదని పేరు పెట్టినవాళ్లకు తెలియదు, ఉద్యోగం ఇచ్చినవాళ్లకు తోచలేదు. వెనక సీటులోంచి తెలిసినవాళ్లెవరైనా ప్రేమగా "ఆగయ్యా!" అని పిలిస్తే చాలు, ముందు మా డ్రైవరు మాన్‌సింగ్ బ్రేకు తొక్కేవాడు. జనగామ నుంచి మానుకోటకు పదహారేళ్లుగా మాది ఒకటే రూటు. బోర్డు మీద మహబూబాబాద్ అని రాసి ఉన్నా నోటితో మానుకోట అనే అరుస్తాం. ఆ రూటులో నా పేరుకు ఆగినన్నిసార్లు బస్సు స్టేజీలకు కూడా ఆగి ఉండదు.

అలాంటిది రెండువేల పదకొండు సెప్టెంబరులో, ఎవరూ పేరు పెట్టి పిలవకుండానే, బస్సు ఆగింది. బడి ఆగింది, బొగ్గుబాయి ఆగింది, కచేరీలో కలం ఆగింది. సకల జనుల సమ్మె. తెలంగాణ ఇస్తారా ఇయ్యరా తేల్చమని సకల జనులూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. నేను డిపో ముందు శిబిరంలో ఛాతీ విరుచుకుని చెప్పుకున్నాను: "ఇన్నాళ్లకు రాష్ట్రమంతా ఆగయ్యలే!"

పన్నెండు రోజులు డబ్బా కొట్టుకున్నాను. పదమూడో రోజు బియ్యం డబ్బా తట్టి చూస్తే బోలుగా మోగింది.

నా భార్య గట్టమ్మది చిట్యాల వైపు. ములుగు తోవలో ఉండే దేవత పేరు. ఆ దేవతైనా మొక్కితే కరుగుతుందేమో, ఈమె పేరుకు గట్టమ్మ, మాటకు గట్టిదమ్మ.

"ఏమయ్యో, సమ్మె సకల జనులదే గని ఆకలి మాత్రం ఎవలది వాళ్లదే. గా ముచ్చట శిబిరంల ఎవలన్న చెప్తున్నరా?"

"అయితే బస్సెక్కుమంటవా?"

"ఎక్కిచూడు, కాళ్లిరుగుతయి. ఎక్కుమంటలేను. ఏదన్న ఉపాయం జూడుమంటున్న."

ఆమెకు తెలియనిది ఒకటుంది. ఉపాయం అప్పటికే నా చొక్కా జేబులో మడిచి ఉంది. 'నేను నా ఇష్టపూర్వకముగా డ్యూటీకి హాజరగుచున్నాను' అన్న కాగితం. పోలీసు ఎస్కార్టుతో నాలుగు బస్సులు తిప్పుతారట, దసరాలోపు కాగితం ఇచ్చినవాళ్లకు ఏ ఇబ్బందీ ఉండదట. శిబిరంలో పక్కన కూర్చున్న ఒకతను చెవిలో చెప్పి చేతిలో పెట్టాడు. సంతకం చేశాను. తేదీ వేయలేదు. ఆ తేదీ ఖాళీలోనే అప్పటికి నా పరువు నిలబడి ఉంది.

మాన్‌సింగ్ ఆ మర్నాడే వచ్చాడు. మానుకోట దగ్గరి తండావాడు, జనగామలో అద్దెకుంటాడు. స్టీరింగు లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదతనికి, వస్తూ ఒక గడ్డపార పట్టుకొచ్చాడు.

"అన్నా, పట్నం నుంచి సాగరని ఒకాయనొచ్చిండు. పాత తలుపులు, గంగాళాలు కొంటున్నడు. పాత సీసాలుంటే ఇంక మంచిదన్నడు. ఇంకు సీసాలు, మందు సీసాలు, గోలీ సోడా సీసాలు. అచ్చు పోసిన పేర్లుండాలెనట. పెద్ద హోటళ్లల్ల ఏలాడదీస్తరట."

"సీసా తాగి మనిషి ఏలాడుడు జూసిన గని, సీసానే ఏలాడుడేందే?"

"జోకులు తర్వాత కొట్టు. ముందు గడ్డపార కొట్టు."

స్టేషన్‌కు అవతల, బొగ్గింజన్లు నడిచిన కాలంలో బూడిద పోసిన దిబ్బ ఒకటి ముత్యం అనే రైతు చెలక అంచులో ఉంది. ఇంజన్లు పోయాయి, బూడిద మిగిలింది, దానిమీద తుమ్మలు మొలిచాయి. తవ్వుకుంటామంటే ముత్యం సంతోషపడ్డాడు. "తవ్వినంత తవ్వుండ్రి. పోయేటప్పుడు సదును జేసి పోతే సాలు. మక్కలేసుకుంట" అన్నాడు.

మొదటి దెబ్బకే దిబ్బలోంచి చిటుక్కుమంది. గడ్డపార లాగి చూస్తే రెండు సోడా సీసాలు, నడుములు విరిగి. పైన అచ్చులో పెద్ద కోరమీసం బొమ్మ, ఒక సీసాకు కుడి మీసం, ఇంకోదానికి ఎడమ మీసం మిగిలాయి. లోపలి గోలీలు రెండూ బూడిదలో దొర్లాయి. ఏరి జేబులో వేసుకున్నాను. గోలీలు దొరికితే జేబులో వేసుకునే వయసు ఎప్పటికీ దాటదు.

గడ్డపార పక్కన పెట్టి సైకిల్ పుల్ల పట్టాం. బూడిదలోకి మెల్లగా గుచ్చితే రాయికి 'టక్' అంటుంది, పెంకుకు 'చర్' అంటుంది, గాజుకు మాత్రం 'టింగ్'. కండక్టరుకు ఇంతకన్నా అచ్చొచ్చిన పని ఏముంటుంది? ఒక టింగుకు ఆగడం, చేతులతో తోడడం. వాన తడిసిన బూడిద మెత్తగా జావలా వచ్చేది. బూడిదలో పోసిన పన్నీరని సామెత విన్నాను. బూడిదలోంచి సోడా తీసినవాళ్లం మేమే.

నాలుగు రోజుల్లో ముప్పై నిండు సీసాలు తేలాయి. నాలుగింటి మీద రైలింజను బొమ్మ. ఒకటి లేత ఆకుపచ్చది, మీద చేప బొమ్మ. తక్కిన ఇరవై ఐదు మీసాలవి, అన్నీ ఒకే గుంటలో. విచిత్రమేమంటే అవి పడేసినట్టు లేవు, పడుకోబెట్టినట్టున్నాయి. మూతులన్నీ తూర్పుకే.

"చీరల దుకాణంల మడతలు వెట్టినట్టున్నయన్నా" అన్నాడు మాన్‌సింగ్.

సాగర్ ఫోటోలు చూసి ఫోన్లోనే ఎగిరి గంతేశాడు. మీసం సీసాలకు ఆయన చెప్పిన ధరకు మా ఇంట్లో దసరా దాటి దీపావళి వెలుగుతుంది. ఆ ధర వచ్చిందంటే జేబులో కాగితం చింపేయవచ్చు. రాకపోతే తేదీ వేయాలి. నా లెక్క ఇంతే.

కాని సీసాలు ఇంటికి తెచ్చాను. అదే తప్పు. ఇంట్లో మా బాపు ఉన్నాడు.

మా బాపు యాకయ్యకు అప్పుడు ఎనభైకి రెండు తక్కువ. కళ్లకు శుక్లాలు. ఒకప్పుడు స్టేషన్ రోడ్డులో గోలీ సోడా తయారుచేసేవాడు. షాపు మూతపడి ముప్పై ఏళ్లు. చేత్తో తిప్పే సోడా మిషను మాత్రం అర్రలో మూలకు దుప్పటి కప్పుకుని, ఇంట్లో ఇంకో ముసలాయనలా కూర్చుని ఉండేది.

చప్పుడు విని బాపు చేతులు చాపాడు. సీసాను మెడ దగ్గర పట్టుకుని, బొటనవేలితో అచ్చు తడిమాడు. కళ్లు పోయినా వేళ్లకు చదువొచ్చు.

"గిది మనది. ఇంజను." పక్కన పెట్టాడు. "గిది మీసం... గిది మీసం..." అలా ఇరవై ఐదూ తడిమాడు. తర్వాత తల ఎత్తాడు. "ఇంక రెండేవి?"

"ఏ రెండు?"

"ఇరువై ఏడుండాలె గదరా?"

"గడ్డపారకు రెండు పగిలినయి. నీకెట్ల తెలుసు బాపూ?"

బాపు మీసం సీసాలను ఒకపక్కకు జరిపాడు. "గియి కురవోళ్లయి. మీసాల సోడా. వీరభద్రుని మీసం పేరు మీద పెట్టుకున్నరు. వాళ్లకు ఇచ్చిరా" అన్నాడు.

"బాపూ, గియి ఎప్పటియో! చెత్తల దొరికినయి!"

"చెత్తల దొరికితే మనయి అయితయా? పరాయి సీసాల గ్యాస్ కొట్టద్దు, పరాయి సీసా అమ్మద్దు. సోడా పనిల గదొక్కటే ధర్మం. సీసాల మీద పేరెందుకు పోస్తరు మరి?"

గోలీ సోడా తయారుచేసేవాళ్ల పద్ధతి అది. వేరే షాపు సీసా తమ పెట్టెలోకి వస్తే నింపరు. పక్కన పెట్టి, వారం వారం ఎవరివి వాళ్లకు మార్చుకుంటారు. పద్ధతి బాగానే ఉంది. కాని బియ్యం డబ్బాకు పద్ధతులు తెలియవు.

సాగర్ రానే వచ్చాడు. తెల్ల ప్యాంటు, నల్ల కళ్లద్దాలు, సినిమాలో హీరో మాట్లాడే తెలుగు.

"తాతగారూ, ఇవి ఎవరికీ అక్కర్లేని చెత్తండీ. నేనైతే లోపల బల్బు పెట్టి వెలిగిస్తానండీ."

"నువ్వు ఎవలి పిలగానివి బిడ్డా?" అన్నాడు బాపు.

"అబ్బ, మీ భాష భలే తమాషాగా ఉంటుందండీ. సినిమాల్లో కమెడియన్ అచ్చం ఇలాగే..."

గట్టమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చింది. చేతిలో గరిటె. "తమాషా అయిపోయిందా అన్నా? అయితే పో. మామ అమ్మనన్నడు గద."

సాగర్ ముందు ఎవరి ఆటలూ సాగవనుకున్నాను. మా ఇంట్లో సాగరే సాగలేదు. కాని గుమ్మం దాటాక నా చెవిలో అన్నాడు: "బుధవారం మానుకోట స్టేషన్ దగ్గరుంటాను. మీరే తెచ్చెయ్యండి. పెద్దాయనకు ఏదో ఒకటి చెప్పండి."

చెప్పాను. "బాపూ, నువ్వన్నట్టే కురవికి పోయి ఇచ్చొస్త" అన్నాను. కురవి కూడా మానుకోట దాటాకే, తోవ ఒకటే. బాపు నా చెయ్యి పట్టుకుని నిమిరాడు. గ్యాస్ కొట్టడం మా వంశానికి కొత్త కాదు, కాని సొంత తండ్రికి కొట్టడం అదే మొదలు.

బుధవారం పొద్దున్నే మాన్‌సింగ్ బండి మీద బయల్దేరాం. మధ్యలో గోనెసంచి. అందులో గడ్డి చుట్టిన ఇరవై ఐదు మీసాలు, ఒక చేప. ఇంజనువి నాలుగూ బాపు ఇవ్వలేదు. తొర్రూరు దాటాం. మానుకోట ఇంక పది కిలోమీటర్లు ఉందనగా రోడ్డుకు అడ్డంగా కర్ర. పోలీసులు. ముందటేడు మానుకోట స్టేషన్‌లో జనం రాళ్లు రువ్వినప్పటి నుంచి ఆ ఊరి పేరు చెబితేనే పోలీసులకు రాళ్లు గుర్తుకొచ్చేవి. అటువైపు మేం పోతున్నది సంచీడు సోడా సీసాలతో.

చెట్టు కింద కుర్చీలో కూర్చున్న ఎస్సై సంచి విప్పించాడు. చాలాసేపు లోపలికి చూశాడు.

"ఏంది గియి?"

"సీసాలు సార్."

"గోలీలు గూడ ఉన్నయా?"

"ఉన్నయి సార్. కని మీయసొంటి గోలీలు గావు. మాయి ఆడుకునేటియి."

హాస్యానికి కూడా కర్ఫ్యూ ఉంటుందని అప్పుడే తెలిసింది. ఎస్సై లాఠీని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"ఎవల మీద విసరనీకె?"

"విసరనీకె గాదు సార్, అమ్మనీకె. పట్నమాయన కొంటడు. ఫోన్ జెయ్యుండ్రి."

చేశాడు. స్పీకర్ పెట్టాడు. సాగర్ గొంతు తీయగా వచ్చింది. "ఎవరండీ? ఆగయ్యా? నాకెవరూ తెలీదండీ. రాంగ్ నంబరండీ." ఫోన్ ఆగిపోయింది. నా పేరు విని ఫోన్లు కూడా ఆగుతాయి.

"జేబులు జూడు" అన్నాడు ఎస్సై హెడ్ కానిస్టేబుల్‌తో.

హెడ్డు నా జేబులోంచి రెండు గోలీలు తీశాడు. తర్వాత కాగితం తీశాడు. ఎస్సై మడత విప్పి, ఒక్కో ముక్కా స్పష్టంగా, బడిలో పాఠం చదివినట్టు చదివాడు. "నేను నా ఇష్టపూర్వకముగా డ్యూటీకి హాజరగుచున్నాను. ఇట్లు, ఆగయ్య, కండక్టరు."

"ఓహో!" ఎస్సై ముఖం విప్పారింది. "డ్యూటీకి పోయెటోనివా? గీ ముచ్చట ముందుగాల జెప్పద్దా? నీ మీద కేసెందుకు? పో, నువ్వు పో." మాన్‌సింగ్ వైపు తిరిగాడు. "నీ కాయితమేది?"

"లేదు సార్" అన్నాడు మాన్‌సింగ్.

"అయితే నువ్వుండు. సంచి నీదే."

మాన్‌సింగ్ నా వైపు చూడలేదు. చూసి తిట్టినా బాగుండేది. రుమాలు తీసి బండి అద్దం తుడవడం మొదలుపెట్టాడు. అద్దం అప్పటికే శుభ్రంగా ఉంది.

"ఒక్కపారి ఇటియ్యుండ్రి సార్" అని కాగితం కోసం చెయ్యి చాపాను. ఎస్సై ఇచ్చాడు. పదహారేళ్లలో ఎన్ని లక్షల టికెట్లు చింపానో తెలియదు. దీన్ని మాత్రం మడత మీద సరిగ్గా, గోటితో ఒత్తి, రెండుగా చింపాను. తర్వాత నాలుగుగా.

"తేదీ లేదు సార్. తేదీ లేని టికెట్ చెల్లది."

అద్దం తుడిచే రుమాలు ఆగింది.

"బలిసిందా?" ఎస్సై కుర్చీలోంచి లేచాడు. "ఇద్దరూ లోపలికి నడువుండ్రి. బయల్దేరిందెందుకో ఇప్పుడు చెప్తవ్."

నాకు ఇంక చెప్పడానికి ఏమీ మిగల్లేదు. మిగిలినదల్లా పొద్దున బాపుకు చెప్పిన అబద్ధమే. అదే చెప్పాను.

"వాపస్ ఇయ్యనీకె సార్. గీ సీసాలు మాయి గావు. కురవిల మీసాల సోడా వాళ్లయి. మా బాపు దగ్గర ఉండిపోయినయి. పరాయి సీసా ఉంచుకోవద్దన్నడు."

"ఎప్పటియి?"

"యాభై అరవై ఏండ్లయి ఉంటయి."

ఎస్సై హెడ్డు వైపు చూశాడు. హెడ్డు ఆకాశం వైపు చూశాడు.

"యాభై ఏండ్ల కింది ఖాళీ సీసాలు వాపస్ ఇయ్యనీకె, గింత సమ్మెల, పెట్రోలు పోసుకొని పోతున్నవ్. ఎవలు నమ్ముతరు?"

"మా బాపు నమ్మిండు సార్."

ఎస్సై మళ్లీ కూర్చున్నాడు. బహుశా అతనికీ ఇంటి దగ్గర ఒక బాపు ఉన్నాడేమో. "హెడ్డూ, నువ్వు ఎంట పో. కురవిల ఎవలన్న ఒక్కరు గిది మాదని చెయ్యి చాపి తీసుకున్నరంటే ఇద్దర్నీ ఇడిచిపెట్టు. లేకుంటే ఈడికే పట్కరా."

అలా పోలీసు ఎస్కార్టు బస్సు వద్దన్న ఆగయ్య పోలీసు ఎస్కార్టుతోనే కురవి పోయాడు. చెప్పిన అబద్ధాన్ని నిజం చెయ్యడానికి మనిషి ఇంత కష్టపడ్డం నేనెక్కడా చూడలేదు. దారి పొడుగునా మాన్‌సింగ్ వీపుతోనే మాట్లాడాడు, ఆ మాటలు ఇక్కడ రాయదగ్గవి కావు.

కురవిలో గుడి దగ్గర అడిగితే ముసలివాళ్లకే గుర్తుంది. "మీసాల సోడానా? వెంకటనర్సమ్మ ఇల్లు. గా సందుల పో."

ఆమె అరుగు మీద గునుగు పూలు కట్టలు కడుతోంది, బతుకమ్మ పేర్చడానికి. నా తల్లి బతికుంటే ఆ వయసే. ముందు పోలీసును చూసింది, తర్వాత నన్ను.

"ఎవల్ రా మీరు, పండుగ పూట పోలీసోన్ని ఎంటేసుకొని?"

నేను సంచిలోంచి ఒక సీసా తీసి రెండు చేతులతో ఇచ్చాను. ఆమె దాన్ని చూడలేదు. బొటనవేలితో మీసం తడిమింది, మా బాపులాగే. చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. లోపల గోలీ మోగింది.

"ఎవలి కొడుకువు?"

"జనగామ యాకయ్య కొడుకునవ్వా."

పూలకట్ట ఒళ్లోంచి జారింది. ఏడుస్తుందేమో అనుకున్నాను.

"యాభై ఏండ్లకు తెల్లారిందా మీ అయ్యకు?" అని అరిచింది. సందులో కోళ్లు చెదిరిపోయాయి.

హెడ్డు గొంతు సవరించుకున్నాడు. "అవ్వా, గీ సీసా మీదేనా?"

"మాది గాకపోతే నీ తాతదా? మీసం కనవడ్తలేదా నీకు?"

హెడ్డు తెలియకుండానే తన మీసం తడుముకున్నాడు.

ఆమె సంచి దగ్గరకు లాక్కుని లెక్కపెట్టింది. "ఇరువై ఐదా? ఇరువై ఏడు రావాలె. మా ఆయన సచ్చేదాంక ఇరువై ఏడు, ఇరువై ఏడు అనుకుంటనే పోయిండు."

నేను హెడ్డు వైపు చెయ్యి చాపాను. అతను తన జేబులోంచి రెండు గోలీలు తీసి ఇచ్చాడు. వాటిని ఆమె అరచేతిలో పెట్టాను. "రెండు నా చేతుల పగిలినయవ్వా."

ఆమె గోలీలను కొంగున ముడివేసుకుంది. చేప సీసాను మాత్రం తిరిగి నా వైపు నెట్టింది. "గిది మాది గాదు. ఎవలిదో నాకు తెల్వదు." తర్వాత హెడ్డును ఎగాదిగా చూసింది. "నువ్వు పొడుగున్నవ్. లోపట అటక మీద పెట్టె ఉన్నది. దింపు."

కేసు పెట్టడానికి వచ్చిన పోలీసు పెట్టె దింపాడు. లోపల పాత చీరపేలికల్లో చుట్టి తొమ్మిది సీసాలు. అన్నింటి మీదా రైలింజను. దుమ్ము లేదు, మచ్చ లేదు, ఆ పూట కడిగినట్టున్నాయి.

"జాతరల ఒక్కసారి జాగా కాడ కొట్లాడుకున్నరు ఇద్దరు మొగోళ్లు. నువ్వు మా జాగల బండి పెట్టినవంటే నువ్వు మా జాగల పెట్టినవని. మాయి మీ అయ్య దగ్గర, మీయి మా దగ్గర ఉండిపాయె. ముందు నేనెందుకు పోవాలె అని ఈయన, నేనెందుకు పోవాలె అని ఆయన. మా ఆయనకు మీసం అడ్డం, మీ అయ్యకు ఇంజను అడ్డం. నేనే ఏటా దసరాకు కడిగి పెడ్తున్న. తీస్కపోయెటోడు రాకపాయె." పెట్టె నా వైపు తోసింది. "లెక్క జూస్కో. తర్వాత తక్కువైనయంటే ఊకోను."

హెడ్డు ఎస్సైకి ఫోన్ చేశాడు. "సార్, వాపసే సార్... లేదు సార్, నిజంగనే... నన్ను గూడ తిట్టింది సార్."

తిరుగు దారిలో తొర్రూరు దగ్గర మాన్‌సింగ్ బండి ఆపాడు. చెరువు వైపు చూస్తూ అన్నాడు: "నాది గూడ ఉండె అన్నా."

"ఏంది?"

"కాయితం. మొన్న మా యాడి వచ్చి అంగి ఉతికేటప్పుడు జూసింది. పొయ్యిల వెట్టి దానిమీదనే చాయ్ కాసింది. కన్నతల్లి తాగుమన్నది. తాగిన." కిక్కు కొట్టాడు. "లేకుంటే ఎస్సై అడిగినప్పుడు నేనేం చూపెడుదునో నాకే తెల్వదు. ఎక్కు."

ఇంటికొచ్చి పెట్టె బాపు ముందు పెట్టాను. ఒక్కో ఇంజనూ తడిమాడు. తొమ్మిది.

"నర్సమ్మ ఏమన్నది?"

"యాభై ఏండ్లకు తెల్లారిందా అన్నది."

"ఇంక?"

"ఏటా దసరాకు కడిగి పెట్టిందట."

బాపు పేలికలు ఒక్కొక్కటీ తడిమి మడిచాడు. "ఆమె కడిగి దాచింది. నేను బూడిదల పాతిపెట్టిన" అన్నాడు. "నింపనీకె మనసు రాలే. ఇచ్చొద్దామంటే కాలు రాలే. ఒక్కొక్కటి పండవెట్టి, మూతులు తూర్పుకు, కురవి దిక్కుకు వెట్టి..." అక్కడ ఆగి, గొంతు మార్చాడు. "గట్టమ్మా, సీసాలు కడగనీకె సౌడు నీళ్లు కాగవెట్టు బిడ్డా. పదమూడు సీసాలున్నయి. మిషను మీద దుప్పటి తీయ్."

నేను కూడా ఒకటి చెప్పేశాను. కురవికని చెప్పి ఎవరి దగ్గరికి పోయానో, జేబులో ఏముండేదో. గట్టమ్మ గరిటె వెతుక్కుంది గాని వాడలేదు. "చింపినవా?" అంది. "చింపిన." "ఎన్ని ముక్కలు?" "నాలుగు." "ఎనిమిది జెయ్యద్దా?" అని పొయ్యి ముట్టించింది.

సద్దుల బతుకమ్మకు ముందురోజు డిపో ముందు శిబిరంలో మా సోడా బండి వెలిసింది. మూతపడ్డ కూల్‌డ్రింక్ షాపువాడు గ్యాస్ సిలిండరు, రబ్బరు రింగులు ఇచ్చాడు. బాపు కుర్చీలో కూర్చుని చెప్తుంటే గట్టమ్మ మిషను తిప్పింది. మొదటి సీసా బొటనవేలితో నొక్కగానే 'కీచ్‌' మని గోలీ దిగింది. శిబిరమంతా ఈల వేసింది. పదమూడే సీసాలు, కాని గోలీ సోడాలో గొప్ప అదే. సీసా తాగినవాడి వెంట పోదు. నిలబడి తాగాలి, అక్కడే ఇచ్చేయాలి. పదమూడు సీసాలు వెయ్యి గొంతులు తడిపాయి. చిల్లర లేనివాళ్లు సోలెడు బియ్యం తెచ్చి పోశారు. డబ్బా మళ్లీ బరువుగా మోగడం మొదలుపెట్టింది.

మూడు గంటలకు డిపో గేటు తెరుచుకుంది. ముందు పోలీసు జీపు, వెనక ఎస్కార్టు బస్సు. స్టీరింగు పట్టుకున్నది ఎవరో కొత్త మనిషి. కండక్టరు సీటు ఖాళీ. జీపులోంచి ఒక ఆఫీసరు నన్ను గుర్తుపట్టి గట్టిగా పిలిచాడు: "ఆగయ్యా!"

కొత్త డ్రైవరు బ్రేకు తొక్కాడు.

జనం పొట్టలు పట్టుకున్నారు. ఆ నవ్వుల్లోనే గట్టమ్మ రెండు సోడాలు కొట్టి, ఒకటి కిటికీలోంచి డ్రైవరుకు, ఒకటి జీపులోకి అందించింది. "ఎండల వచ్చినవ్ తమ్మీ, తాగు. సీసా మాత్రం ఇచ్చినంకనే కదలాలె. మా మామ పెట్టిన కానూను."

డ్రైవరు దాహంతో ఉన్నాడు. రెండు గుటకలు వేసి సీసా ఇవ్వబోయాడు. "పూర్తిగ తాగు, పండుగ పూట మిగల్చద్దు" అంది గట్టమ్మ. అతను తాగాడు. నిదానంగా తాగాడు. అతను తాగేలోపు ఆడవాళ్లు రోడ్డు మీద బతుకమ్మలు దింపి చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. సీసా వాపసు వచ్చింది. దారి మాత్రం మిగల్లేదు.

ఆఫీసరు నా వైపు చూశాడు. "ఎక్కుతవా లేదా?"

"సార్, చేతుల సీసా ఉన్నది. మనది గాని బస్సెక్కితే మా బాపు ఊకోడు."

బస్సు వెనక్కి పోయింది. అద్దం పక్కకు మడిచి, మెల్లగా. దానికి రైట్ రైట్ చెప్పింది మాన్‌సింగే, చేతులు ఊపుతూ, వృత్తిధర్మంగా.

సమ్మె ముగిసి నేను మళ్లీ బస్సెక్కాను. గట్టమ్మ మాత్రం మిషను దిగలేదు. స్టేషన్ రోడ్డులో షాపు తెరిచింది. మొదటి జాతరకు బాపును కురవి తీసుకుపోయింది, ఆయన జాగా ఎక్కడో వెంకటనర్సమ్మే కర్రతో గీత గీసి చూపించింది. బాపు తెలంగాణ వచ్చేదాకా ఉన్నాడు. ఆ రోజు సోడా నింపి అందరికీ ఊరికే పోయించాడు, ఆ చలికాలం పోయాడు.

చేప బొమ్మ సీసా మిగిలింది. దోర్నకల్ దాకా అడిగాం, కాటారం దాకా అడిగాం. ఎవరిదో తేలలేదు. షాపులో పై అరలో ఉంటుంది, కడిగి, ఖాళీగా. దసరాకొకసారి దించి తుడుస్తుంది గట్టమ్మ. అందులో ఇప్పటిదాకా గ్యాస్ పడలేదు.

మొన్నొకసారి సాగర్ వచ్చాడు. నన్ను గుర్తుపట్టలేదు, రాంగ్ నంబర్ కదా. కాని సీసాను గుర్తుపట్టాడు. "అది ఎంతకిస్తారండీ? ఎంతైనా ఫరవాలేదండీ."

"గది మాది గాదు" అంది గట్టమ్మ.

"మరి ఎవరిదండీ?"

"ఎవలిదో వాళ్లది."

"వాళ్లు రారండీ. ఇన్నేళ్లయ్యాక ఎవరొస్తారు?"

గట్టమ్మ మిషను హ్యాండిలు మీద చెయ్యి వేసి, వాడి ముఖంలోకి చూసింది.

"అరవై ఏండ్లు ఆగినోళ్లం బిడ్డా. ఇంకో అరవై ఆగలేమా? సోడా తాగుతవా? తాగితే సీసా ఇచ్చి పో."